షోలాపూర్ పాణంద్ బాటలు

హోట్గి రోడ్, షోలాపూర్,
సంక్రాంతి వెళ్ళిన మూడో నాడు.

బావా,

ఇక్కడ మేనత్త ఇంట్లో అందరూ బాగున్నారు. సిద్ధేశ్వరుని గడ్డా జాతర కన్నులపండువగా జరిగింది. మొన్న ఫోన్‌లో మీరు "షోలాపూర్‌లో దుప్పట్లు తప్ప చూసేందుకు ఏముంది?" అన్నారు. ఆ మాటకు ఫోన్‌లో జవాబు చెప్పలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

పొద్దున ఐదింటికే ఈ వీధిలో మరమగ్గాలు మొదలవుతాయి. కళ్ళు మూసుకుని వింటే మన సిరిసిల్లలోనే ఉన్నట్టుంటుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి బతుకుదెరువుకు వచ్చిన మన పద్మశాలీల మనుమలూ మునిమనుమలూ ఈ వీధివాళ్ళు. 1870లలో ఇక్కడ నూలు మిల్లు వెలిశాక ఆ వలస ఇంకా పెరిగింది. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, రెండు ఊళ్ళు దాటితే కన్నడం. మూడు భాషల వాళ్ళతోనూ ముచ్చటపెట్టగల మనుషులు.

మేనత్త కొడుకు టవల్ మగ్గాల మెకానిక్. వారమంతా ఆ చప్పుడులో ఉండి, సెలవు రోజు చప్పుడే లేని చోటికి సైకిల్ మీద పోతాడు. దాన్ని గ్రావెల్ బైక్ అంటాడు. చూపుకు పందెం సైకిల్‌లాగే హ్యాండిల్ వంపు తిరిగి ఉంటుంది గానీ, టైరు వెడల్పు నలభై మిల్లీమీటర్లు. గాలి తక్కువ పెడతారు. సన్న టైరులో గట్టిగా గాలి నింపితే ప్రతి రాయికీ ఎగిరిపడుతుంది. వెడల్పాటి మెత్తని టైరు రాయి చుట్టూ ఒదిగి దాటిపోతుంది. ట్యూబు ఉండదు. లోపల పాలలాంటి ద్రవం పోస్తారు. తుమ్మముల్లు దిగితే అదే రంధ్రంలో చేరి గడ్డకడుతుంది. ఇలా కంకర బాటల మీద తొక్కడం ఒక ఆట కూడా. అమెరికాలోని కాన్సాస్‌లో అలాంటి బాటల మీద 2006 నుంచి రెండు వందల మైళ్ళ పందెం నడుస్తోంది. 2022లో ఇటలీలో ఈ ఆటకు మొదటి ప్రపంచ పోటీలు కూడా జరిగాయి. నాకోసం అతను స్నేహితుడి దగ్గర ఇంకో సైకిల్ అడిగి తెచ్చాడు.

చీకటితోనే బయలుదేరాం. విమానాశ్రయం గోడ వెంట, చక్కెర మిల్లు పక్కనుంచి వెళ్ళాం. విమానాలకు అడ్డమని ఆ మిల్లు ఎత్తైన పొగగొట్టాన్ని 2023 జూన్‌లో కూల్చేశారు. హోట్గి ఊరికి వచ్చేసరికి తెల్లవారింది. అక్కడ రైలు దారి రెండుగా చీలి ఒకటి కలబుర్గి వైపు, ఒకటి విజయపుర వైపు పోతుంది. గేటు దాటగానే అతను తారు రోడ్డు వదిలేసి రెండు చేల నడుమకు సైకిల్ తిప్పాడు.

అదే పాణంద్. మన దగ్గర డొంక అంటామే, అదే. ఎడ్లబండి పట్టేంత వెడల్పు, రెండు చక్రాల జాడలు, నడుమ గడ్డి, పక్కన తుమ్మ, వేప, రేగు. పైన నల్లరేగడి, కింద మొరం. ఇది దక్కన్ నల్లరాయి నేల. ఆ రాయి పైన అరిగితే రేగడి, కింద మెత్తబడితే మొరం. మొరం పోసిన చోట సైకిల్ కరకరలాడుతూ పరుగెత్తుతుంది. వానాకాలంలో రేగడి మీదికి పోతే నాలుగు అడుగుల్లోనే చక్రం బురద ముద్దై ఆగిపోతుందట. అందుకే ఈ బాటలకు పుష్య, మాఘ మాసాలే అదను.

ఈ మాసాల్లోనే చేలు కూడా చూడాలి. ఇక్కడి జొన్న వాన తగ్గాక వేసేది. రేగడి పట్టి ఉంచిన తేమతోనే పండుతుంది. మనిషెత్తు పైరు రెండు వైపులా కమ్ముకుంటే ఆకాశం చీర అంచులా సన్నగా కనిపిస్తుంది. ఒక చేను గట్టున లేత కంకులను పిడకల నిప్పులో కాల్చి, అరచేతుల్లో నలిపి, మా దోసిళ్ళలో పోశారు. మన ఊసబియ్యమే. వాళ్ళు హుర్డా అంటారు. పల్లీల కారంతో తిన్నాం. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఇంకొంచెం దూరంలో గొర్రెల మంద ఎదురైతే సైకిళ్ళు దిగి దారిచ్చాం. కాపరి భుజం మీది నల్ల కంబళిని ఏమంటారని అడిగాను. "ఘోంగడీ" అన్నాడు. మన గొంగడే! ఇన్ని కోసుల దూరంలో ఆ మాట వింటే నాకు ఒళ్ళు పులకరించింది.

ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం పొగగొట్టం చాలాసేపు దారి గుర్తుగా కనిపించింది. సీనా నది దాటి, మంద్రూప్ మీదుగా, సుమారు యాభై కిలోమీటర్లు తొక్కి హత్తర్‌సంగ్ కుడల్ చేరాం. సీనా వచ్చి భీమా నదిలో కలిసేది అక్కడే. చాళుక్యుల కాలపు శివాలయాల్లో ఒకే లింగం మీద 359 చిన్న ముఖాలు చెక్కి ఉన్నాయి. వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలో ఆపి, ఊరికే చూస్తూ నిలబడ్డాను. శక సంవత్సరం 940 నాటి, అంటే 1018 నాటి, మరాఠీ శాసనం దొరికిందీ ఇక్కడే. మరాఠీలో దొరికిన అతి పాత శాసనాల్లో అదొకటి.

మర్నాడు తూర్పుగా కుంభారి వైపు వెళ్ళాం. బీడీలు చుట్టే ఆడవాళ్ళు సహకార సంఘాలుగా చేరి కట్టించుకున్న ఇళ్ళు అక్కడ వరసలు వరసలుగా ఉన్నాయి. 2006లో పది వేల ఇళ్ళు వచ్చాయి. పక్కన రేనగర్‌లో ముప్పై వేలు తలపెట్టి, 2024 జనవరిలో పదిహేను వేలు అప్పగించారు. చేలల్లోంచి వచ్చిన డొంక తిన్నగా ఆ వాడల అంచుకు చేరుతుంది. వాకిట్లో చాటలో తునికాకు పెట్టుకున్న ఒక అవ్వ తెలుగులో "ఏ ఊరు బిడ్డా?" అంది. సిరిసిల్ల అనగానే మంచినీళ్ళ చెంబు వచ్చింది.

ఒక్కచోట మాత్రం మనసు చివుక్కుమంది. మేనత్త కొడుకు చిన్నప్పటి నుంచి తిరిగిన ఒక పాణంద్‌ను ఎవరో దున్ని చేనులో కలిపేసుకున్నారు. సైకిళ్ళు భుజాన పెట్టుకుని దాటాం. మాకు అది పావుగంట శ్రమ. దాని వెనక చేలున్న రైతుకు బండి పోదు, పండిన జొన్న ఇంటికి రాదు. ఇలాంటి బాటలు తెరిపించి మొరం పోయించడానికి మహారాష్ట్ర ప్రభుత్వం 2021లో పథకమే పెట్టింది. వినోదానికి తిరిగే మాకూ, పొట్టకూటికి తిరిగే రైతుకూ కావలసింది ఒకటే: ఎవరూ మింగని మట్టి బాట.

బావా, మన ఊరి చెరువు వెనక డొంక గుర్తుందా? నక్షలో ఉన్న బాటే అది. ఈసారి నేను వచ్చేలోగా నక్ష తీయించి చూడండి. ఎంత వెడల్పు ఉండాలో, ఎంత మిగిలిందో కొలిపించండి. తెల్లారగట్ల ఒకసారి ఆ చివరి దాకా నడిచి రండి. నడిచే మనిషి ఉన్నంత కాలమే బాట బతుకుతుంది.