మా హెరాల్డు కమాను

మా పెరటి చింతచెట్టు క్రింద నొక పాత మోటారుకారు కలదు. అది 1970లో మదరాసునకు చేరువనున్న వండలూరి కర్మాగారమున తయారైన స్టాండర్డ్ హెరాల్డు. దీని మూలరూపమగు ట్రయంఫ్ హెరాల్డు 1959లో ఇంగ్లండున వెలువడెను. దాని ఆకృతిని గీసినవాడు ఇటలీ దేశస్థుడైన మైకేలొట్టి. 1961 నుండి మదరాసువారు దానిని మన దేశమున నిర్మింపసాగిరి. ఆ చట్రమునే కుదించి 1962లో ట్రయంఫ్ వారు స్పిట్‌ఫైరను రెండు సీట్ల పరుగుబండిని చేసిరి. వెనుక చక్రముల ఏర్పాటు రెంటికిని ఒక్కటే. కనుక మా బండి చూపునకు సాధువైనను పరుగుబండికి దాయాదియేనని మా నాయనగారు నవ్వుచు చెప్పుచుందురు.

నాయనగారు యౌవనమున లారీల మరమ్మతుశాలలో పని నేర్చినవారు. అచ్చటి పుస్తకములు ఇంగ్లీషువి. తోటివారి మాట అరవము, కన్నడము. తాము చదివిన బడి మాత్రము తెలుగు బడి. అందువలన విన్నదియు చూచినదియు మరచిపోకుండుటకై ఒక లావుపాటి నోటుపుస్తకమున తెలుగులో వ్రాసికొనిరి. కమాను పట్టీల కొనలయందుండు గుండ్రని రంధ్రమును ఇంగ్లీషువారు ‘కన్ను’ అందురు. నాయనగారు దానిని ‘చెవి’ అని వ్రాసిరి. గంగాళపు చెవిని ఎరిగినవారికి ఆ మాటయే సరిపోవునని నా యభిప్రాయము.

ఇప్పుడు వారికి చూపు లేదు. పుస్తకము చదివి వినిపించుపని మా మేనల్లునిది. వాడు ఎనిమిదవ తరగతి.

రెండేండ్ల క్రిందట బండి వెనుకభాగము క్రుంగిపోయెను. చక్రముల పైయంచులు లోనికి వ్రాలి, అడుగులు బయటకు జరిగెను. టైర్ల లోపలి యంచులు మాత్రమే అరిగి దారములు కనబడసాగెను. ఇది కమాను బలము తగ్గినదనుటకు గుర్తు. ఎందుకనగా ఈ బండి ఏర్పాటు లారీ వంటిది కాదు. లారీకి ఒకే ఇరుసు. దాని రెండు కొనల రెండువైపుల చక్రములు, నిలువుగా రెండు కమాన్లు. హెరాల్డునకు ఇరుసు నడుమ విరిచినట్లు రెండు తునకలు; ఒక్కొక్కటి లోపలి కొనవద్ద మాత్రమే కీలుపై ఆడును. రెంటిని కలిపి మోయునది అడ్డముగా పరచిన ఒకే కమాను, కావడిబద్దవలె. ఒక చక్రము గుంటలో పడినను రెండవది దాని నెరుగదు. సుఖమైన ఏర్పాటే. అయితే చక్రము పైకిని క్రిందికిని పోవునప్పుడు నిటారుగా పోక ఒరగుచుండును. మలుపులో వేగముగా పోవుచు ఒక్కసారి కాలు తీసినచో వెనుకభాగము లేచి, బయటివైపు చక్రము బండి క్రిందికి మడచుకొని, రోడ్డుపై పట్టు తప్పును. స్పిట్‌ఫైరునకు ఈ దోషము తగ్గించుటకై 1970లో కమానునే మార్చిరి: అడుగు పట్టీని మాత్రము గట్టిగా బిగించి, పై పట్టీలను ఊగనిచ్చిరి. మన దేశమున 1972లో వచ్చిన గెజెల్ అను బండికి ఈ ఏర్పాటునే విడిచి, ఒకే ఇరుసు పెట్టిరి.

నేను ఆదివారములందు ఇంటియొద్దనే ఈ పని చేయ నిశ్చయించితిని. ముందు చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, జాకీతో వెనుకభాగమును లేపి, చట్రము క్రింద గట్టి ఇనుప స్తంభములు నిలిపితిని. బండిని జాకీపై నమ్మి దాని క్రిందికి పోవుట ప్రాణముతో ఆడుకొనుట. చక్రముల నూడదీసిన పిదప కుదుపులను ఆపు గొట్టమును విప్పవలెను. అప్పుడు మేనల్లుడు అరుగుమీద నుండి చదివెను: “గొట్టము విప్పుటకు ముందు చక్రపు దిమ్మె క్రింద జాకీ ఆనించవలెను. లేనిచో కమాను దానిని క్రిందికి విసరికొట్టును.” విని అట్లే చేసితిని. జాకీని మెల్లగా దించునప్పుడు కమాను వదలిన బలము చూచి నా గుండె ఝల్లుమనెను.

ఇక దిమ్మె నడుమనున్న పొడవైన బోల్టు సంగతి. అది లోపలి ఉక్కుగొట్టముతో త్రుప్పుపట్టి ఏకమై యుండెను. కిరసనాయిలు పోసితిని, కాల్చితిని, కొట్టితిని. కదలలేదు. తుదకు రంపపు పలకతో రెండువైపుల కోయుటకు రెండు ఆదివారములు పట్టెను. ఇంతకంటె చెప్పుటకు దానియందేమియు లేదు. చేతులు మాత్రము వారముదినములు అన్నము కలుపుకొననీయలేదు.

కమానును లారీ పట్టీలు వంచు కొలిమికి తీసికొనిపోయితిమి. అచ్చటి మేస్త్రీ పట్టీల నొక్కొక్కటిగా ఎర్రగా కాల్చి, వంపు తెచ్చి, నూనెలో ముంచి, మరల కొంచెము వేడిచేసి పదును దించెను. చెవులలోనికి క్రొత్త రబ్బరు బుష్షులు వచ్చెను.

బిగింపు దినమున నాయనగారు బంధువుల పెండ్లికి పోయియుండిరి. నేను చీకటిపడకముందే ముగింపవలెనని తొందరపడుచుంటిని. మేనల్లుడు చదివెను: “చెవుల బోల్టులను చక్రములు నేలనాని బండి బరువు మోయుచున్నప్పుడే బిగింపవలెను.”

“అన్నీ చదవనక్కరలేదులే. నాకు తెలుసు,” అంటిని.

వాడు పుస్తకము మూసెను. చక్రములు గాలిలో వ్రేలాడుచుండగనే బలమంతయు పెట్టి బిగించితిని.

నాయనగారు తిరిగివచ్చి బండి చుట్టును నడచిరి. టైరునకును పైనున్న రేకునకును నడుమ చేయి పెట్టి చూచిరి.

“నాలుగు వేళ్లు పట్టవలె. అయిదు పడుతున్నవే! బండిని నేలమీద నిలిపినాకనే బిగించినావా?”

“అవును నాయనా. కొత్త కమాను కదా, దిగుతుంది.”

మేనల్లుడు నావంక చూచెను, పలుకలేదు. ఆ చూపును నేను సులభముగా మరువలేకపోతిని.

ఏడు నెలలకు ప్రతి గుంటవద్దను బండి కిర్రుమనసాగెను. ఒక సాయంకాలము మా అమ్మ వెనుకసీటున కూర్చుండియుండగా మలుపులో బండి వెనుకభాగము ప్రక్కకు జరిగినట్లు తోచి, నా ప్రాణములు పోయినంత పనియైనది. ఇంటికి చేరి విప్పి చూచితిని. రబ్బరు బుష్షులు మెలిదిరిగి చినిగిపోయియుండెను. గాలిలో బిగించిన రబ్బరు ఆ వ్రేలాడిన స్థితినే తన స్థితిగా పట్టుకొనును. బండి నేలకు దిగినంతనే అది మెలిపడి, ఆ మెలికతోనే బండిని పైకెత్తి పట్టుకొనును. అయిదవ వ్రేలు పట్టుటకు కారణమదియే. నాయనగారి చేతికి ఆనాడే తెలిసినది. నామాట నమ్మి ఊరకుండిరి.

ఆ రాత్రి అరుగుమీద వారియొద్ద కూర్చుండి, “నాయనా, నేను అబద్ధం చెప్పినాను. వీడు చదివినాడు. నేనే వినలేదు,” అంటిని.

వారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, “బుష్షులు ఎంతవుతుంది?” అని యడిగిరి.

మరుసటి ఆదివారము క్రొత్త బుష్షులు వేసి, బోల్టులను చేతితో మాత్రము తిప్పి వదలి, బండిని నేలకు దించితిని. ముందుకు వెనుకకు కొంతదూరము నెట్టి, అమ్మను, అక్కను వెనుకసీటున కూర్చుండబెట్టి, నేను చాపమీద పరుండి ప్రక్కనుండి చేయి దూర్చి బిగించితిని. మేనల్లుడు ఆ వాక్యమును, నేనడుగకయే, రెండుమార్లు చదివెను. నాయనగారు వంగి చక్రముపై చేయి పెట్టిరి. నాలుగు వేళ్లు.

“ఒరే, ఆ మాట క్రింద ఒక గీత గీయి,” అనిరి మేనల్లునితో. “ఎర్ర సిరాతో.”