ఏతాం రాయి

మా మార్కాపురం వాళ్ళకు పలకరాయి తెలుసుగాని పడవ సంగతి తెలియదు. మేమెరిగిన ఏరు గుండ్లకమ్మ. అందులో నీళ్ళకంటె ఇసక చూసిన రోజులే ఎక్కువ. అందుచేత 2024 మార్చి 26న అమెరికాలో బాల్టిమోరు దగ్గర 'డాలీ' అనే సరుకుల ఓడ గుద్దుకుని పెద్ద వంతెన కూలిందని పేపర్లో చదివి వినిపిస్తే, "ఓడేమిటి, వంతెనను గుద్దటమేమిటి!" అంది మా ఆవిడ. నేనూ పేపరు మడిచి పక్కన పెట్టేశాను.

ఆరు నెలలు తిరగలేదు. సెప్టెంబరు 1, ఆదివారం. మా అమ్మాయి కాపురం తాడేపల్లిలో. అల్లుడి ఉద్యోగం కృష్ణకు ఆవలి ఒడ్డున, బెజవాడలో. శనివారం రాత్రి డ్యూటీకి వెళ్ళినవాడు తెల్లవారినా ఇల్లు చేరలేదు. ఫోను పలకదు.

"నాన్నా, వరదకు పడవలు కొట్టుకొచ్చి బారేజీని గుద్దాయట!" అంది అమ్మాయి ఫోనులో.

మా ఆవిడకు చెప్పకూడదనుకున్నాను. నా మొహమే చెప్పేసింది.

"వంతెన ఉందా, పోయిందా? ముందది చెప్పండి."

ఉంది. 1957లో పూర్తయిన ప్రకాశం బారేజీ అలాగే నిలబడింది. దెబ్బ తిన్నవి 67, 69, 70 గేట్ల దగ్గర బరువు దిమ్మెలు. దిమ్మెలంటే ఏమిటంది. గిద్దలూరు వైపు పల్లెలో పుట్టిన మనిషి గదా, ఏతాం గుర్తు చేశాను. వెనకవైపు రాయి కడితే ముందున్న బాన తేలిగ్గా లేస్తుంది. గేటుకు ఆ దిమ్మె అలాంటిది.

"రాయి పోతే పోయింది, పిల్లాడేడీ?" అంది.

మధ్యాహ్నానికి ఎవరిదో ఫోను అడిగి పుచ్చుకుని అల్లుడే పలికాడు. "చార్జింగు అయిపోయింది మామయ్యా. బారేజీ మీదికి పోలీసులు పోనివ్వలేదు." వాడి గొంతులో విసుగు. మా ఆవిడ మాత్రం మొహమెరుగని ఆ పోలీసును నూరేళ్ళు బతకమంది.

మర్నాడు బారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు. బాల్టిమోరులోనూ, కరెంటు పోయి ఓడ అదుపు తప్పిందని కబురందగానే పోలీసులు బండ్లు ఆపేశారని చెప్పాను. కాని వంతెన మీద గుంతలు పూడుస్తున్న కూలీలలో ఆరుగురు పోయారు.

"వాళ్ళ ఇళ్ళలోనూ ఫోను చేసి చేసి ఉంటారు," అంది చీకట్లో.

తరవాత కన్నయ్యనాయుడుగారి ఆధ్వర్యంలో ఆ గేట్లకు ఉక్కు దిమ్మెలు అమర్చారు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు అల్లుడు మమ్మల్ని బారేజీ మీదుగా బెజవాడ తీసుకువెళ్ళాడు. మా ఆవిడ కారు అద్దానికి మొహం ఆనించి గేట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. ఎక్కడో లెక్క తప్పింది.

"తిరిగొచ్చేటప్పుడు నెమ్మదిగా నడుపు నాయనా," అంది.