పడిశం ముదిరి ఎముక దాకా పోతే

ప్రొద్దుటూరులో ఒక స్కానింగ్ సెంటరు. తెర మీద కుడి చెంప లోపలి సైనస్ నల్లగా ఉంది, అంటే గాలి బాగానే ఆడుతోంది. ఎడమది బూడిదరంగుతో నిండిపోయింది. దాని చుట్టూ ఎముక తెల్లగా, మందంగా పట్టీ కట్టింది. "కుడిపక్క గోడ కోడిగుడ్డు పెంకులా ఉంది చూడండి. ఎడమపక్క 5 మిల్లీమీటర్లు దాటింది" అన్నాడు రేడియాలజిస్టు.

ఆ తల జమ్మలమడుగు పక్కన నాపరాళ్లు కోసే యూనిట్లో పనిచేసే మనిషిది. "పడిశమే కద సార్, అదే పోతాదిలే అనుకుంటిమి" అన్నాడు బయట బెంచీ మీద కూర్చుని. అట్లా అనుకుంటూనే ఏళ్లు గడిపాడు.

ఎముక మందమైనందుకు సైనస్ జబ్బు వచ్చిందా అని ఈఎన్‌టీ డాక్టరును అడిగాను. కాదు, తిరగేసుకోమన్నాడు. లోపలి పొర వాపు నెలల తరబడి తగ్గకపోతే ఎముకను అంటిపెట్టుకున్న పొర కూడా రేగుతుంది. కొత్త ఎముక పేరుకుంటూ పోతుంది. దీన్ని ఆస్టియైటిస్ అంటారు. కాలి ఎముకకు చీముపట్టడం లాంటిది కాదు ఇది. ఈ పలచటి గోడల్లో మూలుగ దాదాపు ఉండదు. కుందేళ్ల ఒక పక్క సైనస్‌కు ఇన్ఫెక్షన్ ఎక్కించి చూస్తే, రెండో పక్క ఎముకలోనూ మార్పులు కనిపించాయట. మందాన్ని లెక్కగట్టడానికి 2010లో ఒక కొలమానం వచ్చింది: పది సైనస్‌లు, ఒక్కోదానికి 5 చొప్పున మొత్తం 50 మార్కులు. ఇక్కడ మార్కులు పెరిగే కొద్దీ జబ్బు మొండిది. పదే పదే ఆపరేషనైన వాళ్లలో ఈ మందం ఎక్కువ. అది కత్తి వల్లనా, జబ్బు తీరే అంతనా అన్నది డాక్టర్ల మధ్యే తెగలేదు.

ఒక్క పక్కే ఇట్లా ఉంటే పంటిని, ఫంగస్ ఉండను అనుమానించాలట. పై దవడ పళ్ల వేళ్లు సైనస్ అడుగుకు ఆనుకునే ఉంటాయి. ఈయనకు పుచ్చిన పన్ను ఎడమవైపే ఉంది.

జమ్మలమడుగు యూనిట్లో రంపం కింద నీళ్లు పారుతుంటే దుమ్ము తక్కువే. అంచులు పొడిగా చెక్కేచోట మాత్రం తువ్వాలే మాస్కు. దుమ్ము ముక్కు పొరను రేపుతుంది, నిజమే. కానీ నేరమంతా దాని మీద నెట్టేస్తే పన్ను తప్పించుకుంటుంది.

పులివెందులలో ఒక పెద్దాయన, "మా బోరు నీళ్లకు ఎముకలు అట్లే అయితాయి నాయనా" అన్నాడు. చుట్టుపక్కల కొన్ని ఊళ్ల నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది వాస్తవమే. ఎముకల మీద దాని దెబ్బను మద్రాసు ప్రెసిడెన్సీలో 1937లోనే రికార్డు చేశారు. అయితే ఫ్లోరైడ్ వెన్ను, కటి లాంటి ఎముకలన్నిటినీ పడుతుంది. సైనస్ మందం ఎక్కువగా జబ్బుపడిన గది గోడల్లోనే ఉంటుంది. రెంటినీ కలిపేసుకుంటే ఉన్న వైద్యమూ అందదు.

2021లో బ్లాక్ ఫంగస్ ఇవే ఎముకలను తినేసింది. ఇక్కడ జరిగేది దానికి ఎదురు, అదీ ఏళ్ల మీద. అందుకే ఎవరికీ తొందర పుట్టదు.

ముక్కుదిబ్బడ, చీమిడి, ముఖంలో బరువు 12 వారాలు దాటితే ఊళ్లో ఇంజెక్షన్లతో సరిపెట్టుకోకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఒక్క పక్కే చీము కారుతుంటే పంటి డాక్టరుకూ చూపించండి. కన్ను వాచినా, చూపు మసకబారినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.