కాంజీ యక్షరములు - మా వ్యాకరణము

జపానువారి కాంజీలలో నొక్క యక్షరమునకే రెండు మూడు పలుకులుండునని విని బెదరనివా రరుదు. వ్యాకరణము చదివిన మనకిది క్రొత్త సంగతి కాదని మా తలంపు.

ఓసాకా సమీపమున కాపురమున్న మా చెల్లెలు, కుమారుడు బడినుండి తెచ్చు చీటీలను చదువజాలక కుందుచు మాకు వ్రాసినది. అచ్చటి బాలురు మొదటి తరగతిలో 80, ఆరేండ్లలో 1,026 కాంజీలు నేర్తురు. బిడ్డనే యర్థమడుగుట తల్లికి కష్టముగదా! ఆమెకు తోడుగా మేమును ఆ పుస్తకములనే తెప్పించి చదువుచున్నాము.

కొండను దెలుపు నక్షరము ఒంటిగా నున్న 'యమ' (యముడు కాదు సుమా!). ఇది వారి దేశ్యపదము. చీనానుండి వచ్చిన పలుకు 'సన్'. నిప్పు ఒంటిగా 'హి', చీనా పలుకున 'క'. ఈ రెండక్షరములను జోడింప 'కజన్', అనగా అగ్నిపర్వతము. మనము మాత్రము నిప్పుపర్వత మందుమా? తత్సమము తత్సమముతోనే కూడుట వారికిని పరిపాటియే. 'సన్' 'జన్' అగుట చూచి మాకు గసడదవాదేశము జ్ఞప్తికి వచ్చినది.

వైరిసమాసములు లేకపోలేదు. పూర్వపదము చీనా పలుకును, ఉత్తరపదము దేశ్యమును అగువానిని 'జూబకో' చదువు లందురు. జూబకో యనగా అరలమీద అరలు పేర్చిన భోజనపు పెట్టె. ఆ పేరే యట్టి సమాసము. పండితులు వంటింటి వస్తువు పేరు గ్రహించుట మాకు మిక్కిలి నచ్చినది.

అక్షరములోని భాగములను గుర్తించుట వేరొక యుపాయము. రెండు చెట్లు తోపు, మూడు చెట్లు అడవి, మనిషి ప్రక్కన చెట్టు విశ్రాంతి. అన్నిటికి నిట్లు కథలల్లుట మాకు సమ్మతము కాదు. పెక్కింట నొక భాగ మర్థమును, వేరొకటి ధ్వనిని దెలుపును. నీలవర్ణపు టక్షరము 'సే'. దానికి నీటిగుర్తు చేర్చిన నిర్మలము, సూర్యుని చేర్చిన మబ్బులేని యాకాశము, మాటగుర్తు చేర్చిన వేడికోలు. మూడింటి చీనా పలుకును 'సే' యే.

పలుకుల పట్టికలు వల్లించి మా చెల్లెలు విసిగినది. ఇప్పుడు చీటీలలోని మాటలనే పట్టుకొనుచున్నది. 'హినన్' అను మాటలో మొదటి యక్షరము తప్పుకొనుట, రెండవది ఆపద. భూకంపములు తరచగు నా దేశమున బడిపిల్లలకు దీని నభ్యాసము చేయింతురు. చివర స్థలమును దెలుపు 'జో' చేర్చిన 'హినన్‌జో', ఆపదలో తలదాచుకొను చోటు. ఆ మూడక్షరముల పలక వారి వీధి మొగననే యున్నదట. ఇన్నాళ్లును దానిముందునుండియే యామె కూరలకు పోవుచుండెనట.