మిత్రుని విశ్వాసము, మన వాకిలి

కళాశాలనుండి సెలవులకు వచ్చిన బిడ్డ పెట్టెలో, బట్టల క్రింద, ఒక చిన్న సువార్త పుస్తకము కనబడినదనుకొందము. ఇంటిలో ఏమి జరుగును? తల్లి కంట తడి పెట్టును. తండ్రి ఆ పుస్తకము నిచ్చినవాని పేరడుగును. పేరు తరువాత కులమడుగును. ఆపైన వాని సావాసము మానుమని ఆజ్ఞ యగును. పుస్తకము తెఱచి అందేమున్నదో చూచువారు మాత్రము ఒక్కరును ఉండరు. సంస్కారము కలవారమని చెప్పుకొను కుటుంబములలో సైతము నేటికిని ఇట్లే జరుగుచున్నది. మా యింటను జరిగినది. నలువదియేండ్లు దాటిన ఆ కథలో ఎక్కువ తప్పు నాది గనుక దానిని నేనే చెప్పుట న్యాయము.

మాది కర్నూలు జిల్లాలోని కోడుమూరు. వాన కెదురుచూచు నేల. వేరుసెనగ, జొన్న, ఉల్లి పండించుకొని బ్రదుకు జనము. మా వైపునుండి పాఱు హంద్రి వానకాలమున నీరు చూపి, తక్కిన దినములలో ఇసుక చూపి, కర్నూలు వద్ద తుంగభద్రలో కలియును. నేనును ఆ హంద్రి వలెనే 1979లో కర్నూలు చేరి, ఒక కళాశాలలో చదువుటకు వసతిగృహమున దిగితిని. వీరేశలింగము గారి వ్యాసములు చదివి, వేమనను వల్లించుచు, లోకమును దిద్దుటకు సిద్ధముగా నుంటిని.

నా గదిలోని రెండవవాడు నందికొట్కూరు వైపు పల్లెవాడు. తండ్రి కూలి చేసి చదివించుచుండెను. తెల్లవారక ముందే లేచి, దీపపు వెలుగు నా కన్నులపై పడకుండ అట్ట యడ్డము పెట్టి, బైబిలు చదువుకొనెడివాడు. శుక్రవారము సాయంకాలములందు వానివంటి వారు నలుగురైదుగురు మా గదిలో కూడి, పాటలు పాడుకొని, ఒకరికొరకొకరు ప్రార్థించుకొనెడివారు. వారికి పాదిరి లేడు, జీతగాడు లేడు. ఏ సంఘమునకును చెందినవారు కారు. ఆ సమయమున నేను మేడ మీదికి పోయెడివాడను.

ఒకనాడు జ్వరముతో లేవలేక గదిలోనే పడియుంటిని. వారి ప్రార్థనలో నా పేరు వినబడెను. నాకు కోపము వచ్చినది. అందఱు పోయిన తరువాత, "నా కొరకు ప్రార్థన చేసే అధికారం నీకెవరిచ్చినారు?" అని అడిగితిని.

"అధికారం ఎవురిస్తారప్పా? నీకు జ్వరమొచ్చింది. మందు తెచ్చినా, దేవునికీ చెప్పినా" అనెను.

"నన్ను మీ మతంలో కలుపుకోవాలనే కదా?"

వాడు కొంతసేపు ఊరకుండి, "నాకు దొరికిన మంచి వస్తువును నీకు చూపకుండా దాచుకుంటే నేనేం స్నేహితుణ్ణి? చూపేది నా పని. తీసుకునేది, మానేది నీ యిష్టం" అనెను. మఱునాడు లూకా సువార్త నా బల్లపై నుండెను. దానిని నేను పెట్టెలో పడవైచితిని.

విద్యావంతులమైన మేము తఱచు చెప్పు వాద మొకటి కలదు: వీరందఱు లాభమునకై మతము మారినవారని. నేనును వానితో అంటిని. అందులకు వాడు తన ధ్రువపత్రము తీసి చూపెను. అందు క్రైస్తవుడని వ్రాయబడియుండెను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులముల హోదా మొదట హిందువులకు మాత్రమే చెందినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించినది. క్రైస్తవులకు నేటికిని లేదు. మన రాష్ట్రమున అట్టివారిని వెనుకబడిన తరగతులలో 'సి' వర్గముగా నుంచి నూటికి ఒక్క పాలు కేటాయించిరి. వాని పల్లెలో పలువురు కాగితముపై హిందువులని వ్రాయించుకొని ఆదివారము గుడికి పోవుదురు. వారి నెవరు తప్పు పట్టగలరు? కాని వీడు, "కాగితంలో ఒకటి, గుండెలో ఒకటి ఎట్లప్పా?" అని ఆ సౌకర్యమును వదలుకొనెను. విశ్వాసమువలన వానికి కలిగిన లాభమెంతయో ఆ దినమున లెక్క తేలినది. నేను మఱల ఆ వాదము నెత్తలేదు.

1980 దసరా సెలవులకు వానిని మా యూరికి తీసికొనిపోయితిని. బుడ్డలు పెఱుకు కాలము. వీథులన్నిటను పచ్చి వేరుసెనగ కట్టెవాసన. మా అమ్మ ఎదురువచ్చి, "రా నాయనా, యా ఊరు మీది?" అని ఆదరముతో అడిగినది. ఊరు చెప్పెను. "మీరేమిటోళ్లు నాయనా?" అని రెండవ ప్రశ్న. కిరస్తానమువారమని మాత్రము చెప్పి తప్పుకొనవచ్చును. వాడు తప్పుకొనలేదు. "మాలోళ్లమమ్మా. కిరస్తానమోళ్లం" అని రెండును చెప్పెను.

అమ్మ మొగము మాఱలేదు. మాటలో ప్రేమయు తగ్గలేదు. కాని చేతులు వేఱుగా నడచినవి. వానికి వాకిటి యరుగు మీద విస్తరి వేసినది. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, నేయి, ఏదియు తక్కువ చేయలేదు. నీళ్లు మాత్రము ఎత్తి పోసినది. నాకు లోపల పడసాలలో పళ్లెము పెట్టినది. నేను పోయి లోపల కూర్చుంటిని.

ఆ విస్తరి ప్రక్క నాదియు వేయుమని అనుటకు ఒక్క మాట చాలును. ఆ మాట నాకు రాలేదు. సాంఘిక దురాచారములపై కళాశాలలో ఉపన్యసించిన నోరు రొట్టె నమలుచుండెను. గోడ కావలినుండి వాడు నీళ్లకొఱకు చేతులు దోసిలి పట్టిన చప్పుడు నాకు వినబడెను. భోజనమైన తరువాత తన విస్తరిని తానే తీసి, దూరముగా పాఱవైచి వచ్చి, "అమ్మా, కూర బాగుండాది" అనెను. ఆ రాత్రి అమ్మ పొరుగువారితో కూర్చుండి బ్రహ్మముగారి కథ చెప్పుకొనినది. దూదేకుల పిల్లవాడు సిద్ధయ్యను స్వామి శిష్యునిగా స్వీకరించిన ఘట్టమునకు ఆమె కన్నులలో నీళ్లు తిరిగినవి. మాదిగ కక్కయ్య కథకు చేతులు జోడించినది. అరుగు మీద పండుకొనిన నా మిత్రుడును ఆ కథ వినుచునే యుండెను.

తిరుగు ప్రయాణమున బస్సులో వాడేమియు అనలేదు. వచ్చిన శుక్రవారము, ఎప్పటివలెనే, "ఈపొద్దు కూర్చుంటావా?" అని అడిగెను. నేను సిగ్గుతో, "మా ఇంట్లో అట్ల జరిగినాంక గూడా నన్ను పిలుస్తావా?" అంటిని. "మీ అరుగుకూ దీనికీ ఏం సంబంధం? పిలిచేది నా పని. నువ్వు రాకపోతే స్నేహం పోదులే" అని నవ్వెను.

ఆ నవ్వు నన్ను చాల దినములు బాధించినది. వాడు తన యింటిలోని కెల్ల మిక్కిలి విలువైనదానిని నా ముందుంచెను. నేను మా యింటిలో ఒక చెంబు నీయలేకపోయితిని. మత ప్రచారము మంచిదా, చెడ్డదా యని వాదించుటకు నాకేమి అర్హత?

తరువాత చరిత్ర చదివినపుడు ఇది క్రొత్త కథ కాదని తెలిసినది. మచిలీబందరులో రాబర్టు నోబులు దొర 1843లో బడి పెట్టెను. అది పై కులముల పిల్లలనుద్దేశించి పెట్టినది. 1852లో ఆ బడి విద్యార్థులు మంచాల రత్నము, అయినాల భూషణము అను వారిద్దఱు బాప్తిస్మము పొందగా, ఊరు కల్లోలమై, తల్లిదండ్రులు పిల్లలను మాన్పించి, బడి దాదాపు ఖాళీ యయ్యెను. ఆ తల్లుల దుఃఖమును నేను పరిహసింపను. కొడుకు వేఱు దేవుని పేరు పలికినచో ఇక తమ పంక్తిలో కూర్చుండడనియే వారి భయము. ఆ పంక్తి యే అంత ఇఱుకైనది కాకున్నచో ఆ దుఃఖము సగము తగ్గియుండెడిది కదా!

పల్లెలలో కథ మఱొక విధముగా నడచినది. మన కర్నూలును మాడ్చిన 1876-78 కఱవు తరువాత, ఒంగోలు ప్రాంతమున 1878 జూలై 3వ తేదిని ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరని అమెరికన్ బాప్టిస్టుల చరిత్ర చెప్పుచున్నది. కఱవే కారణమని కొందఱందురు. కాని కఱవునకు పది సంవత్సరములకు పూర్వమే యర్రగుంట్ల పేరయ్య యను మాదిగ పెద్ద, తోళ్ల వ్యాపారముపై తిరుగుచు, బంధువులకు, ఎఱిగినవారికి తన విశ్వాసమును చెప్పుచుండెను. దొరల ఉపన్యాసములు చేరనిచోటికి చుట్టము మాట చేరినది.

స్నేహమే ఈ విషయమున మూలమని స్పష్టముగా పలికినవాడు వేదనాయకము శామ్యూలు అజరయ్య. తిరునెల్వేలి సీమవాడైనను తెలుగు నేర్చి, 1912లో దోర్నకల్లు బిషప్పై, మన వారి నడుమ జీవితమును గడపెను. 1910లో ఎడింబరో నగరమున జరిగిన మహాసభలో, పాశ్చాత్య మిషనరీల త్యాగములను కొనియాడుచునే, తమకు వానికంటె స్నేహితులు కావలసియున్నదని ముఖముఖిని చెప్పెను. తెల్లవారితో ఆయన చెప్పిన మాట అరుగు మీద విస్తరి వేసిన నాకును తగులుచున్నది. స్వతంత్ర భారతమున 1954లో ఏర్పడిన యూనియన్ ఆఫ్ ఎవాంజెలికల్ స్టూడెంట్స్ ఆఫ్ ఇండియా అను సంస్థయు, విద్యార్థియే తోటి విద్యార్థికి సాక్షి యను భావముపై పని చేయుచున్నది.

ఐతే చెప్పుటకును ఒక మేర కలదు. మన రాజ్యాంగములోని 25వ అధికరణము మతమును అవలంబించుటకే గాక ప్రచారము చేయుటకును స్వేచ్ఛ నిచ్చినది. 1977లో సుప్రీంకోర్టు, తన మత సిద్ధాంతములను వివరించి చెప్పుట హక్కే గాని, మఱొకని మతము మార్చుట హక్కు కాదని తీర్పు చెప్పినది. ఆ తీర్పును చదువని నా మిత్రుడు ఆ మేరను ఎఱిగియుండెను. మా గదికి వచ్చు ఒక పెద్ద విద్యార్థి, తండ్రి జబ్బుతో దిగులుపడుచున్న పిల్లవానితో, నమ్మితివా జబ్బు నయమగునని చెప్పగా వీడు అడ్డుపడెను. "భయంలో ఉన్నోనికి బేరం పెట్టగూడదన్నా. ముందు వాళ్ల నాయన్ను చూసొద్దాం" అని ఆసుపత్రికి బయలుదేరదీసెను. తమ పల్లెలో మాలలును మాదిగలును ఒక గుడిలో కూర్చుండరని నేను ఎత్తిపొడిచినపుడును కోపింపక, "నిజమే. మేమింకా సగమే నమ్మినాం" అని యొప్పుకొనెను. తన వారి తప్పును దాచనివాని మాటకు విలువ యుండును.

వినినవాడు ఔననవలెనను నియమమును లేదు. రఘుపతి వేంకటరత్నము నాయుడు గారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో మిల్లరు దొరవద్ద చదివిరి. నోబులు కళాశాలలో బోధించిరి. క్రైస్తవులు కాలేదు, బ్రాహ్మధర్మమునే పాటించిరి. కాని కాకినాడలో అంటరానివారని త్రోయబడిన బాలురను చేరదీసి చదివించిరి. గురువులనుండి వినినదానిలో గ్రహింపవలసినది గ్రహించి, తమ వాకిలి తెఱచిరి. నాకు క్రైస్తవుడనగు పిలుపు తోచలేదు. లూకా సువార్తను మాత్రము పెట్టెనుండి తీసి చదివితిని. ఎవరెవరి యింట ఎవరు భోజనమునకు కూర్చుండిరో అందులో పలుచోట్ల వ్రాసియున్నది.

1991లో నా మిత్రుడు ఉపాధ్యాయుడై, భార్యతోను పసిబిడ్డతోను కోడుమూరు వచ్చెను. ఈ మాఱు నేను అమ్మకు ముందుగనే చెప్పితిని, అందఱము పడసాలలోనే కూర్చుందుమని. ఆమె బదులు పలుకలేదు. వారు రాగానే ఆ పసిదానిని ఎత్తుకొని, వారు పోవువఱకు దింపలేదు. మా నడుమనే వారికి పళ్లెములు పెట్టినది. వారు బస్సెక్కిన తరువాత చూడగా, ఆ రెండు పళ్లెములును రెండు చెంబులును కడిగి, పెరటి గూటిలో వేఱుగా బోర్లించియున్నవి.

నేను వానిని తీసికొనిపోయి వంటింటిలో తక్కిన పళ్లెములలో కలిపితిని. అమ్మ పొయ్యి దగ్గఱనుండి చూచినది, ఏమియు అనలేదు. రాత్రి భోజనమునకు అందులోనుండి ఏ పళ్లెము చేతికి వచ్చినదో, దానిలోనే వడ్డించుకొని తినినది. పదునొకండేండ్ల క్రిందట నేను చేయవలసిన పని అది. అంత చిన్న పని.

మన పిల్లలు నేడు దూరపు కళాశాలలలో పలు మతములవారితో ఒక గదిలో నుందురు. వారిలో ఒకడు తన దేవుని గూర్చి చెప్పును. మఱొకడు దేవుడే లేడని చెప్పును. విని, వాదించి, ఔననియో కాదనియో చెప్పు బుద్ధిని మనము వారి కిచ్చియున్నచో భయమేల? ఆ మిత్రుడు సెలవులకు మన యింటికి వచ్చినపుడు రెండవ ప్రశ్నగా ఏమడుగుదుమో, విస్తరి ఎక్కడ వేయుదుమో, అది మాత్రము మన చేతిలో నున్నది.