ఐసు ముక్కతో నేను చేసిన తప్పు



మాది పాడేరు ఏజెన్సీ. నేను ఫిజియోథెరపీ డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నా. ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మన పిల్లలు హాస్టళ్లలో ఆటల పోటీలకు తయారవుతుంటే చూసి, ఇంక చెప్పక తప్పదనిపించింది.

అప్పుడు నేను ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి. డిసెంబరు నెల, మన వైపు చలి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. సాయంత్రం వాలీబాల్ ఆడుతుంటే తొమ్మిదో తరగతి తమ్ముడొకడికి కాలు మెలిక పడింది. చీలమండ వాచిపోయింది. టీవీలో క్రికెటర్లకి ఐసు పెట్టడం చూసి ఉన్నా కదా, పెద్ద డాక్టర్‌లా పరుగెత్తుకెళ్లి కూల్‌డ్రింకుల కొట్లో ఐసు అడిగి తెచ్చా. గుడ్డ కూడా చుట్టలేదు. అరగంట దాకా నేరుగా చర్మం మీదే అదిమి పట్టా. "అన్నా, మండుతోంది, తీసెయ్" అన్నాడు. "ఓర్చుకోరా, వాపు తగ్గాలి" అన్నా.

రాత్రికి వాడు ఏడవడం మొదలెట్టాడు. మెలిక పడిన కాలొక్కటే కాదు. రెండు కాళ్లూ, వెన్నూ, ఛాతీ అన్నీ నొప్పులే. వార్డెన్ సారు ఆటో పిలిపించి ఆసుపత్రికి తీసుకెళ్లారు. రక్తం పరీక్ష చేస్తే సికిల్ సెల్ వ్యాధి అని తేలింది. అప్పటిదాకా వాడికీ తెలీదు, ఇంట్లోవాళ్లకీ తెలీదు. "చిన్నప్పట్నుంచీ ఒళ్లు నొప్పులు వచ్చేవి బాబూ, గాలి సోకిందనుకున్నాం" అని వాళ్లమ్మ నాతో అంది.

డాక్టర్ గారు నన్ను తిట్టలేదు. ఐసు ఒక్కటే కారణమని చెప్పలేం అన్నారు. చలిలో తిరగడం, నీళ్లు సరిగ్గా తాగకపోవడం, ఒళ్లు అలిసేలా ఆడటం, ఇవన్నీ ఆ నొప్పిని రేపగలవట. కానీ ఈ వ్యాధి ఉన్నవాళ్లకి ఐసు పెట్టకూడదు అన్నారు. ఆ మాట నాలో ఉండిపోయింది. నేను ఈ చదువులోకి రావడానికి అదే కారణం.

ఎందుకు పెట్టకూడదో కాలేజీలో అర్థమైంది. చల్లదనం తగిలితే రక్తనాళాలు ముడుచుకుంటాయి. మామూలు వాళ్లలో వాపు, నొప్పి తగ్గడానికి అదే పనికొస్తుంది. సికిల్ సెల్ ఉన్నవాళ్లలో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి గట్టిపడతాయి. నాళం ముడుచుకుంటే రక్తం మెల్లగా కదులుతుంది, ఆ కణాలు అక్కడే ఇరుక్కుంటాయి. దాటి రక్తం అందదు. ఆ నొప్పి మనం ఊహించలేం.

ఇది మన జబ్బు అని చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. మన దేశంలో దీన్ని మొదట 1952లో గుర్తించింది కూడా నీలగిరి కొండల ఆదివాసీల్లోనే. 2023 జులై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. పరీక్ష చేయించుకుంటే కార్డు ఇస్తారు. ఒక్క మాట: జన్యువు అమ్మానాన్నల్లో ఒక్కరి నుంచే వస్తే వాహకులు అంటారు, వాళ్లు ఎక్కువగా మామూలుగానే ఉంటారు. ఇద్దరి నుంచీ వస్తే వ్యాధి. మీరు ఏ రకమో తెలుసుకోండి.

మిగతా వాళ్లకి బెణికితే మొదటి రెండు మూడు రోజులు ఐసు పెట్టొచ్చు. తడి గుడ్డలో చుట్టి, 10 నుంచి 15 నిమిషాలే. మధ్యలో గుడ్డ తీసి చర్మం చూడాలి. తెల్లబడినా, దద్దుర్లు లేచినా ఆపెయ్యాలి. స్పర్శ తెలియని చోట పెట్టకూడదు.

ఇక కాపడం. అది మన ఇళ్లలో కొత్తేం కాదు. ఉప్పు మూట, వావిలాకు, వేడి ఇటుక, అన్నీ చూసినవే. మా అమ్మమ్మకి షుగరు. పాదానికి ఉప్పు మూట పెడుతుంటే "వేడే తగలట్లేదు, ఇంకా కాల్చి పెట్టవే" అని మా అమ్మతో అందట. పొద్దున చూస్తే బొబ్బలు. ఆ పుండు మానడానికి నెలలు పట్టింది. వేడి తగలట్లేదంటే మూట చల్లారిందని కాదు, కాలికి స్పర్శ పోయిందని. అందుకే మేం ఆసుపత్రిలో ముందు రెండు గాజు గొట్టాల్లో వేడినీళ్లు, చన్నీళ్లు పోసి తాకించి, కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పమంటాం. చెప్పలేకపోతే కాపడం లేదు. అక్కడి వేడి ప్యాకులు 70 డిగ్రీల పైన నీళ్లలో ఉంటాయి, ఆరు నుంచి ఎనిమిది పొరల తువ్వాలు చుట్టే పెడతాం. అయిదు నిమిషాలకోసారి చర్మం చూస్తాం. ప్యాకు మీద పడుకోనివ్వం. కొత్త వాపు మీద, చీము పట్టిన చోట వేడి వద్దు. వాత పెట్టడం మాత్రం వైద్యం కాదు, కాలిన గాయం. దయచేసి ఆపిద్దాం.

అల్ట్రాసౌండ్ అంటే కడుపు స్కానింగ్ అనుకుంటారు. ఇది వేరే. శబ్ద తరంగాలతో లోపలి కండకి వేడి పుట్టిస్తుంది. జెల్ రాసి, తల భాగాన్ని కదుపుతూనే ఉండాలి. నేర్చుకునే రోజుల్లో ఒకసారి నా చెయ్యి ఆగిపోయింది. పేషెంట్ "లోపల ఎముక పోటుగా ఉంది బాబూ" అంది. సారు వెంటనే ఆపించారు. ఒకేచోట ఆగితే ఎముక పైపొర వేడెక్కుతుంది, పైన చర్మానికి ఏమీ కనపడదు. గర్భిణుల కడుపు, నడుము మీద, కళ్ల మీద, క్యాన్సర్ గడ్డ మీద, పేస్‌మేకర్ దగ్గర వాడరు. పెరిగే పిల్లల ఎముకల చివర్ల మీద కూడా వాడరు. నిజం చెప్పాలంటే చాలా నొప్పులకి మిషను కంటే వ్యాయామమే ఎక్కువ పని చేస్తుంది.

మీరు ఏ ఫిజియోథెరపిస్టు దగ్గరికెళ్లినా వాళ్లు అడిగేదాకా ఆగకండి. సికిల్ సెల్, షుగరు, స్పర్శ లేకపోవడం, గర్భం, ఏది ఉన్నా ముందే చెప్పండి. మంటగా ఉంటే ఓర్చుకోవద్దు, గట్టిగా చెప్పండి. సికిల్ సెల్ ఉన్నవాళ్లకి జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే ఇంట్లో ఏదీ ప్రయత్నించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆ తమ్ముడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. మందులు వాడుతున్నాడు, నీళ్ల సీసా లేకుండా గడప దాటడు. మొన్న సంక్రాంతికి కలిస్తే నా చేతులు చూసి నవ్వాడు. "అన్నా, ఈసారి ఐసు తేలేదు కదా?" అన్నాడు. నేనూ నవ్వా. వాడు "మండుతోంది" అన్నప్పుడు నేను వినాల్సింది. ఇప్పుడు ప్రతి పేషెంట్ మాటా వింటున్నా.

జోహార్.