మెట్టు ఎత్తు

బండి గుణం బాగున్న రోడ్డు మీద బయటపడదు. గతుకుల దారిలో, నిండు బరువుతో, మలుపు తిరిగేటప్పుడు బయటపడుతుంది. చింతూరుకు చెందిన ఒక వ్యాను డ్రైవరు ఈ సంగతిని భేజ్జి దారిలో నేర్చుకున్నాడు.

భేజ్జి బస్తరు దక్షిణపు కొసన ఉన్న గ్రామం. 2012లో ఏర్పడిన సుక్మా జిల్లాలో, కొంటా ప్రాంతంలో ఉన్నది. ఆంధ్ర దేశపు సరిహద్దు అక్కడికి దగ్గరే. అక్కడి దోర్లల మాటలో తెలుగు పలుకులు ఎన్నో వినిపిస్తాయి. జాతీయ రహదారి మీది ఇంజరం నుండి భేజ్జికి దారి చీలుతుంది. ఆ దారికి రక్తపు గుర్తు ఉన్నది. రోడ్డు పనికి కాపలాగా వెళ్లిన కేంద్ర రిజర్వు పోలీసు దళంవారు 12 మంది 2017 మార్చి 11న మావోయిస్టుల దాడిలో ప్రాణాలు కోల్పోయారు. నగరవాసికి రోడ్డు ఒక సౌకర్యం. అక్కడ మాత్రం అది ఎంతో మూల్యం చెల్లించి సంపాదించుకున్న వస్తువు.

డ్రైవరు కొన్న వ్యాను వయస్సు అప్పటికే మూడు దశాబ్దాలు దాటింది. 1969లో బజాజ్ టెంపో సంస్థ మెటడోరును తెచ్చిన తరువాత మన ఊళ్లలో పాలకూ, పెళ్లిళ్లకూ, బడిపిల్లలకూ ఆధారమైన వ్యానుల తరానికి చెందినది అది. అంతకుముందటి యజమాని దానిని ముచ్చటకోసం నేలబారుగా దించాడు. వెనుక కమాను కట్టలలో రెండేసి ఆకులు తీయించాడు. ముందు స్ప్రింగులను కోయించాడు. బండి నాలుగంగుళాలు కిందికి దిగింది. చూడటానికి వేటకు పొంచి ఉన్న పులిలా ఉండేది.

కొత్త యజమానికి ఆ ముచ్చట లేదు. కాని ఒక సంగతి అతడికి త్వరగానే తెలిసివచ్చింది. ఇప్పపూలు, చింతపండు గంపలతో సంతకు బయలుదేరే ముసలమ్మలు ఇతర బండ్లను వదలి అతడి వ్యాను కోసమే కాచుకొని ఉండేవారు. కారణం, దాని మెట్టు వారి మోకాలికి అందేది. ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కగలిగేవారు. ఒకడి అలంకారం మరొకరికి ఉపకారమైంది.

ఒక వర్షాకాలపు సాయంత్రం నిండుచూలాలిని కొంటాకు తీసుకువెళ్లవలసి వచ్చింది. ఒక వంపులో చక్రం గుంటలో దిగింది. దడాలున శబ్దమైంది. స్టీరింగు చేతిలో కదలకుండానే బండి పక్కకు లాగింది. అది రోడ్డు అంచు దాటి, ఒక మద్దిచెట్టుకు మూరెడు దూరంలో ఆగింది. గర్భిణికి ఏమీ కాలేదు. ఆమె తల్లి మాత్రం డ్రైవరు ముఖం వంక చూసి, ఏమీ అనకుండా కూతురి తలను ఒడిలోకి తీసుకున్నది. కొంటా చేరేవరకు ఆ బండిలో ఎవరూ మాటాడలేదు. తిట్టి ఉంటే అతడికి కొంత నయంగా ఉండేది.

మరునాడు అతడు భద్రాచలంలో ఒక వృద్ధ మేస్త్రి వద్దకు వెళ్లాడు.

“ఎత్తు చేసేస్తే పోతుంది కదరా అబ్బాయ్,” అన్నాడు మేస్త్రి.

“మెట్టు ఎత్తు పెరగకూడదు మేస్త్రిగారూ. మా ముసలమ్మలు ఎక్కలేరు.”

మేస్త్రి కొంతసేపు ఆలోచించి, చేతులు తుడుచుకొని, బండి కింద దూరాడు.

బండిని దించితే బరువు నేలకు దగ్గరవుతుంది. కనుక పట్టు పెరుగుతుందని చాలామంది భావిస్తారు. అందులో సగమే సత్యం. చక్రం పైకి లేవడానికి బండి కింద కొంత చోటు ఉండాలి. దించినప్పుడు ఆ చోటు తరిగిపోతుంది. గుంట తగలగానే ఇరుసు రబ్బరు దిమ్మెను ఢీకొంటుంది. ఆ క్షణంలో స్ప్రింగు పనిచేయడం మానుతుంది. టైరు నేలను వదలి ఎగురుతుంది. ఆకులు తీసిన కమాను మరీ మెత్తనై, ఈ దెబ్బను ఇంకా తరచుగా తెస్తుంది. రెండవది స్టీరింగు కడ్డీల వాలు. అవి మొదట ఏ కోణంలో ఉండాలని తయారు చేశారో ఆ కోణం చెడితే, చక్రం ఎగిరిన ప్రతిసారీ దానంతట అదే కొద్దిగా తిరుగుతుంది. ఆ సాయంత్రం డ్రైవరు చేయి తిప్పకుండానే బండి తిరగడానికి కారణం ఇదే. మూడవది మరింత విచిత్రం. కొన్ని బండ్లలో బరువు కేంద్రం కన్న, బండి ఒరిగే ఇరుసుకేంద్రం ఎక్కువగా కిందికి పోతుంది. అప్పుడు దించిన బండి మలుపులో మునుపటికంటె ఎక్కువగా ఒరుగుతుంది.

ఈ చిక్కు మన ఊరిదే కాదు. 1950లో వచ్చిన ఫోక్స్‌వాగన్ వ్యానును దించి నడపడం పాశ్చాత్య దేశాల్లో ఒక వేడుక. దాని పాత నమూనాలలో వెనుక ఇరుసులు ఊయలలా కదిలేవి. బండి దించితే చక్రాల తలలు లోపలికి వాలి, టైర్ల లోపలి అంచులు అరిగిపోయేవి. 1967లో వచ్చిన కొత్త నమూనాలో తయారీదారులే ఆ ఇరుసుల ఏర్పాటును మార్చారు.

మేస్త్రి వరుస తప్పలేదు. మొదట అరిగినవాటిని చూశాడు: బుష్‌లు, బాల్‌జాయింట్లు, టైర్లు. వదులుగా ఉన్న కీలు మీద ఎంత మంచి స్ప్రింగు వేసినా వ్యర్థమే అన్నాడు. తరువాత కమాను కట్టలలో తీసివేసిన ఆకులను తిరిగి చేర్చి, వంపు మాత్రం తగ్గించి కట్టించాడు. బలం తిరిగి వచ్చింది. ఎత్తు అంతగా పెరగలేదు. కోసిన స్ప్రింగులను పారవేసి, కొలతకు సరిపడే గట్టివాటిని అమర్చాడు. పొట్టి షాక్ అబ్జార్బర్లు వేశాడు. రబ్బరు దిమ్మెలను కొంచెం కురచ చేశాడు. స్టీరింగు కడ్డీలను వాటి కోణానికి తెచ్చి, ముందు భాగాన్ని జాకీతో ఎత్తుతూ దించుతూ చక్రం పక్కకు తిరుగుతున్నదేమో పరీక్షించాడు. దారం కట్టి చక్రాల వరుస సరిచూశాడు. చివరకు పైకప్పు మీది ఇనుప క్యారియరును విప్పించాడు. “కింద రెండంగుళాలు దించి, నెత్తిన రెండు మణుగులు మోస్తే లాభమేమిటి?” అన్నాడు.

షాక్ అబ్జార్బరు కడ్డీ మీద గ్రీజు పూసి, డ్రైవరును గతుకుల దారిలో నడిపి రమ్మన్నాడు. తిరిగి వచ్చాక గ్రీజు ఎంతవరకు చెరిగిందో వేలితో కొలిచాడు. ఇంకా ఒక అంగుళం మిగిలి ఉన్నది. “ఆ అంగుళమే నీ ప్రాణం. దానిని ఎన్నడూ ఖర్చు పెట్టకు,” అన్నాడు.

మొత్తం మీద బండి అంగుళంన్నర లేచింది. ఆ అంగుళంన్నర డ్రైవరును వేధించింది. తలుపు కింద మడత మెట్టు ఒకటి అమర్పించాడు.

ఆ వారం సంతకు మళ్లీ అదే దారి. అదే వంపు వద్ద చక్రం గుంటలో దిగి, మెత్తగా లేచింది. స్టీరింగు అతడి చేతిలోనే ఉన్నది. వెనుక ఎవరూ గమనించలేదు. మంచి నడక లక్షణమే అది. ప్రయాణికుడికి తెలియకుండా ఉండటం.

భేజ్జిలో ఒక ముసలమ్మ గంప నెత్తిన పెట్టుకొని వచ్చి, తలుపు వద్ద తటాలున ఆగింది. పాదంతో మెట్టును తడిమి చూసుకున్నది.

“ఎత్తు చేశావేమోనని భయపడ్డాను, బాబూ,” అన్నది.

గంప లోపల పెట్టి, ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కి కూర్చున్నది.